ధనశక్తి (సజ్జ రకము)

ధనశక్తి ఇనుము ధాతువు అధికముగా ఉండునట్లు రూపొందించబడిన ఒక సజ్జ రకము. ఇటువంటి పంట రకములలో భారతదేశములో విడుదలైన మొదటిది ఇదే. పటాన్‌చెరులోని ఇక్రిశాట్, మహారాష్ట్రలోని మహాత్మా ఫూలే వ్యవసాయ విశ్వవిద్యాలయము, హార్వెస్ట్‌ప్లస్ అను అంతర్జాతీయ కార్యక్రమముల సహకార ఫలితముగా ఇది వెలువడినది.

నేపథ్యము

సజ్జలను ఉత్తరాంధ్రలో గంటెలు అని కూడా అందురు. వర్షము తక్కువగా పడు నేలలలో, ముఖ్యముగా ఆఫ్రికాలోని సహేల్ ప్రాంతములోను, పశ్చిమ భారతములోను ఇది పేదల ప్రధాన ఆహారము. ఈ ప్రాంతముల స్త్రీలలో, పిల్లలలో రక్తహీనత ఎక్కువ. దానికి ఇనుము లోపము ఒక ముఖ్య కారణము. ఇనుము మాత్రలను ప్రతి ఇంటికి మరల మరల చేర్చవలసి ఉండును. తినే గింజలోనే ఇనుము ఉన్నచో ఆ శ్రమ కొంత తగ్గును. ఈ ఆలోచనతో పంటల పోషక విలువను పెంచు పద్ధతిని బయోఫోర్టిఫికేషన్ అందురు. హార్వెస్ట్‌ప్లస్ స్థాపకుడు హోవార్త్ బూయిస్‌కు ఈ కృషికి 2016లో ప్రపంచ ఆహార బహుమతి లభించినది. మరి ముగ్గురు శాస్త్రవేత్తలు దానిని పంచుకొన్నారు.

పుట్టుక

పశ్చిమ ఆఫ్రికాలోని టోగో దేశపు ఉత్తర ప్రాంత రైతులు తరతరాలుగా పండించుచున్న ఇనియాది అను పెద్దగింజ నాటు సజ్జ దీనికి మూలము. దాని నుండి ఇక్రిశాట్ ఎంపిక చేసిన ఐ.సి.టి.పి. 8203 రకము 1988లో మహారాష్ట్ర, ఆంధ్ర ప్రదేశ్‌లలో సాగుకు విడుదలైనది. అందులో ఇనుము ఎక్కువగా గల మొక్కలను వేరుచేసి ధనశక్తిని తయారు చేసినారు. ఇందులో జన్యుమార్పిడి లేదు. ఇది 2014లో దేశమంతటా సాగుకు ఆమోదము పొందినది.

లక్షణములు

కిలో గింజలలో సుమారు 71 మిల్లీగ్రాముల ఇనుము ఉండును. పంటకాలము సుమారు 75 రోజులు. ఇది సంకరము కాదు గనుక రైతు విత్తనము దాచుకొనవచ్చును. అయితే సజ్జలో పరపరాగ సంపర్కము జరుగును. అందువలన ఇతర సజ్జ చేలకు దూరముగా వేసినగాని రకము స్వచ్ఛముగా నిలువదు.

ఫలితములు, పరిమితులు

మహారాష్ట్రలో 12-16 సంవత్సరముల బాలబాలికలకు ఇనుము అధికముగా గల సజ్జ రొట్టెలు పెట్టి జరిపిన పరిశోధన 2015లో ప్రచురితమైనది. వారి శరీరములో ఇనుము నిల్వలు పెరిగినట్లు అందులో తేలినది. అయితే గింజలోని ఫైటేట్లు ఇనుము గ్రహింపును కొంత అడ్డుకొనును. సజ్జపిండి కొద్దిరోజులకే చేదెక్కును గనుక ఎప్పటికప్పుడు విసురుకొనవలెను. ఆకుకూరలు, పప్పుల అవసరము దీనితో తీరదు.

గింజలోని ఇనుము కంటికి కనబడదు. దానికి అంగడిలో వేరే ధర పలుకదు. కావున రైతు మొదట దిగుబడినే చూచును. ఈ చిక్కును గమనించి భారత వ్యవసాయ పరిశోధనా మండలి 2018లో ఒక నియమము చేసినది. దాని ప్రకారము కొత్తగా విడుదలగు సజ్జ రకములలో కిలోకు కనీసము 42 మిల్లీగ్రాముల ఇనుము, 32 మిల్లీగ్రాముల జింకు ఉండవలెను.