దొరికిన తుపాకి, దొరకని తూటా: మన్యం తిరుగుబాటు నుంచి ఆయుధ నియమావళి వరకు

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసుస్టేషన్లపై జరిగిన దాడులలో అల్లూరి సీతారామరాజు దళానికి 26 తుపాకులు, సుమారు 2,500 తూటాలు చిక్కాయి. మన్యం తిరుగుబాటును గురించిన రచనలలో మొదటి సంఖ్యకు దక్కిన ప్రాముఖ్యం రెండవదానికి దక్కలేదు. భాగించి చూస్తే తుపాకి ఒక్కింటికి వందకు లోపు తూటాలే. భీమవరం దగ్గరి మోగల్లుతో రాజుకున్న కుటుంబబంధం వల్ల ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి ప్రాంతాల చరిత్రకారులు ఈ తిరుగుబాటును తమ చరిత్రలో భాగంగానే భావిస్తారు. వారు ఈ లెక్క దగ్గర కొంతసేపు ఆగడం అవసరం.

మన్యంలో వాడుకలో ఉన్న నాటు తుపాకికి మందు, గుండు మూతి నుంచే కూరుతారు. గుండు కొలత కొంత తగ్గినా గుడ్డపీలికతో సర్దుకోవచ్చు. మందు స్థానికంగా తయారు చేసుకోవచ్చు. పోలీసు తుపాకి అటువంటిది కాదు. దాని గొట్టం వెనుక భాగంలో తూటా ఇమిడే గది ఉంటుంది. దానినే చాంబరు అంటారు. ఇత్తడి తూటా ఆ గదికి అచ్చుగుద్దినట్టు సరిపోవాలి. వదులైతే పేలినప్పుడు ఇత్తడి చిట్లి వాయువు వెనక్కి తన్నుతుంది. బిగువైతే తలుపు మూతపడదు. ఆ తూటా కర్మాగారంలో తప్ప కొండమీద పుట్టదు. అందువల్ల స్టేషనులో తుపాకి దొరకడం ఒక విజయమైతే, దానికి సరిపడే తూటాలు వరుసగా దొరకడం వేరొక సమస్య. అక్టోబరులో అడ్డతీగల, రంపచోడవరం స్టేషన్లపై దాడి జరిగేనాటికి పోలీసులు ఆయుధాలను ముందే దాచివేశారు. ఆ దాడుల వైఫల్యాన్ని తుపాకుల కొరతగా మాత్రమే చదవడం చాలదు.

ప్రభుత్వం ఈ సంగతిని చాలాముందే గ్రహించింది. 1857 తరువాత భారతీయ సిపాయిలకిచ్చిన 1858 నమూనా ఎన్‌ఫీల్డ్ తుపాకి గొట్టంలో మరలు లేకుండా చేసి, గురి దూరాన్ని తగ్గించారు. 1878 ఆయుధ చట్టం లైసెన్సు లేని తుపాకిని నేరం చేసింది. మొదటి ప్రపంచయుద్ధం తరువాత ఇషాపూర్‌లో .303 లీ ఎన్‌ఫీల్డ్ రైఫిళ్లను పోలీసుల కోసం .410 మస్కెట్లుగా మార్చిన తీరు మరింత సూక్ష్మమైనది. బోల్టు, కట్టె పాతవే. మరలు తీసి గొట్టాన్ని నున్నగా వెడల్పు చేశారు. తూటాలపెట్టె స్థానంలో కొయ్యముక్క బిగించి, ఒక్కొక్క తూటానే పెట్టుకునేలా చేశారు.

.303 తూటాకు భుజం, సన్నని మెడ ఉంటాయి. .410 మస్కెట్ తూటా అదే ఇత్తడి నుంచి మెడ లేకుండా తీర్చినది, కనుక అది.303 చాంబరులోకి పోదు. తిరుగుబాటుదారుడు సైనికుని .303 తూటాను .410 మస్కెట్లో పెట్టినా, ఆ చిన్న గుండు వెడల్పయిన గొట్టాన్ని పట్టుకోదు. గురీ ఉండదు, వేగమూ ఉండదు. వేటగాళ్ల మామూలు .410 తూటా అడుగున లావు కనుక, మస్కెట్ చాంబరును పెద్దది చేయకుండా అదీ పట్టదు. ఒకే రూపంలో ఉన్న రెండు తుపాకులు ఒకదాని తూటాను మరొకటి వాడుకోలేవు. సైన్యానికీ పోలీసుకూ మధ్య ప్రభుత్వం గీసిన గీత ఇది.

పౌరులకు మరొక గీత గీశారు. సైనిక తూటా నిషిద్ధం కాబట్టి వేటరైఫిలుకు .315 కొలత వచ్చింది. అది ఆస్ట్రియా సైన్యపు 8 మి.మీ. మాన్‌లిఖర్ తూటాయే. ఒక దేశపు సైనిక తూటా మరొక దేశంలో వేటసామాను కావడం వింతే. కొల్లేటి నీటిపక్షుల వేటకు తగినది రైఫిలు కాదు, చెల్లాచెదరుగా రవ్వలు విసిరే 12 బోరు జోడుగొట్టాల తుపాకి. అక్కడా చాంబరు పొడవు చూసుకోవాలి: 70 మి.మీ. తూటా పొడవును పేలి విచ్చుకున్న తరువాత కొలుస్తారు. కనుక 65 మి.మీ. చాంబరులో అది ముందు సులభంగానే కూర్చుంటుంది. పేలినప్పుడు మూతి విచ్చుకోవడానికి చోటు లేక ఒత్తిడి పెరుగుతుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, దాని తరువాతి సవరణలు ఆ వేటనే నేరం చేశాయి.

స్వతంత్ర భారత ప్రభుత్వం 1959 ఆయుధ చట్టాన్ని, 1962 నియమావళిని తెచ్చింది. అందులో నిషేధం .303, 7.62 మి.మీ. రైఫిళ్ల పేర్లతో ఆగలేదు. ఆ సైనిక తూటాలను చాంబరులో పట్టించుకొని పేల్చగల ఏ ఇతర కొలత రైఫిలునైనా అదే వర్గంలో చేర్చింది. .410 మస్కెట్‌కూ, దాని తూటా పేల్చగల ఇతర తుపాకులకూ అదే సూత్రాన్ని వర్తింపజేసింది.