టీకా వేసిన పందుల్లో ఇన్‌ఫ్లుయెంజా, ఊపిరితిత్తుల వ్యాధి

పందుల ఇన్‌ఫ్లుయెంజా ఎ-రకం ఫ్లూ వైరస్ వల్ల వచ్చే శ్వాసకోశ వ్యాధి. పందుల్లో ఎక్కువగా తిరిగేవి హెచ్1ఎన్1, హెచ్1ఎన్2, హెచ్3ఎన్2 ఉపరకాలు. 1918లో అమెరికాలోని అయోవాలో ఈ జబ్బును గుర్తించారు. వైరస్‌ను 1930లో శాస్త్రవేత్త రిచర్డ్ షోప్ వేరుచేశాడు.

వైరస్ సోకిన ఒకటి నుంచి మూడు రోజుల్లో దొడ్డిలోని పందులన్నీ దాదాపు ఒకేసారి మేత మానేసి ముడుచుకుని పడుకుంటాయి. తీవ్ర జ్వరం, గట్టి దగ్గు, ఎగశ్వాస ఉంటాయి. చావులు తక్కువే, వారంలో చాలావరకు కోలుకుంటాయి. అయితే బరువు పడిపోతుంది, రైతుకు అసలు నష్టం అదే. చనిపోయిన పందిని కోసి చూస్తే ఊపిరితిత్తుల ముందు, కింది భాగాలు ఊదారంగుకు తిరిగి కార్జంలా గట్టిపడి ఉంటాయి. ఆ ముక్కను నీళ్లలో వేస్తే మునిగిపోతుంది.

టీకా రకమూ వైరస్ రకమూ కలిస్తే రక్షణ బాగానే ఉంటుంది. కలవకపోతే జబ్బు ముదరవచ్చు కూడా. అయోవాలోని ఏమ్స్‌లో ఉన్న జాతీయ పశువ్యాధుల కేంద్రం పరిశోధకులు పందిపిల్లలకు హెచ్1ఎన్2 నిర్జీవ టీకా వేసి, తర్వాత 2009లో మనుషుల్లో ప్రబలిన హెచ్1ఎన్1 వైరస్ ఎక్కించారు. టీకా వేయని వాటికన్నా వీటి ఊపిరితిత్తులే ఎక్కువ దెబ్బతిన్నాయి. కారణాన్ని 2013లో మరో అధ్యయనం చూపింది: టీకాతో పుట్టిన ప్రతిరక్షకాలు వైరస్ పైనున్న ముల్లు కాడకు అంటుకున్నాయి గానీ దాన్ని ఆపలేదు, సరికదా కణంలోకి చొరబడడానికి సాయపడ్డాయి. బలహీనపరిచిన సజీవ టీకాతో చేసిన ప్రయోగాల్లో ఈ బెడద కనబడలేదు. ఇదంతా ప్రయోగశాలలో తేలిన సంగతి. దీన్ని చూపి టీకాలే వద్దనడం తొందరపాటు.

ఇక గోదావరి డెల్టాలోని అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు పంది రైతు "టీకా వేయించాం" అంటే అది చాలావరకు క్లాసికల్ స్వైన్ ఫీవర్ టీకా. ఆ జ్వరం వేరే వైరస్ వల్ల వచ్చేది, దాని టీకా ఫ్లూను ఆపదు. కాబట్టి టీకా పడిన మందలో దగ్గు వినిపిస్తే మందు పనిచేయలేదని పశువైద్యుడితో తగవు పడనక్కర్లేదు.

ఫ్లూ మనుషుల నుంచి పందులకూ వస్తుంది. 2009 మేలో మన దేశంలో పైన చెప్పిన హెచ్1ఎన్1 తొలి మానవ కేసు హైదరాబాద్‌లో బయటపడింది. ఆ వైరసే పలు దేశాల్లో మనుషుల నుంచి పందుల మందల్లోకి వెళ్లింది. పంది శ్వాసనాళంలో మనిషి ఫ్లూకూ పక్షి ఫ్లూకూ తగిన గ్రాహకాలు రెండూ ఉన్నాయి, అంటే రెండూ ఒకే పందికి సోకవచ్చు. కోతలయ్యాక చేలల్లో బాతుల మందలు దిగే గోదావరి డెల్టాలో ఇది పట్టించుకోవలసిన విషయం. 2025 ఫిబ్రవరిలో తణుకు దగ్గరి వేల్పూరు, పెరవలి మండలం కానూరు అగ్రహారం కోళ్లఫారాల్లో హెచ్5ఎన్1 నిర్ధారణ అయింది, భోపాల్ ప్రయోగశాలలో పరీక్షించాకే. పందుల ఫ్లూ ఖాయం చేయాలన్నా నమూనాలే ఆధారం. జ్వరం తగలగానే ముక్కు స్రావం తీయాలి, వారం దాటితే వైరస్ సాధారణంగా దొరకదు.