నరసాపురం లేసు: మొదటి గొలుసు నుంచి ధర దాకా

పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం చుట్టుపక్కల ఆడవాళ్లకు లేసు అల్లిక 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా వచ్చింది. ఒక్క సూదితో పని. దారానికి ముడి వేసి, గొలుసు అల్లి, రెండు కొసలూ కలిపితే గుండ్రం వస్తుంది. దాని చుట్టూ కుట్లు వేస్తూ పోతే పువ్వు అవుతుంది. మొదటి గొలుసు మరీ బిగిస్తే సూది దూరదు, వదిలేస్తే నడుమ ఖాళీ పడుతుంది.

పోనుపోను షావుకార్లు పనిని ముక్కలు చేశారు. పువ్వులు ఒకరివి, అతుకుపని ఇంకొకరిది. దారం ఇచ్చేదీ, సరుకు తీసుకెళ్లేదీ ఏజెంటే. అది ఎంతకు అమ్ముడవుతోందో అల్లినామెకు తెలియదు. 1970ల చివర మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు అక్కడికొచ్చి లెక్క కట్టారు. రోజుకు 6 నుంచి 8 గంటలు అల్లినా వచ్చేది పొలం కూలికన్నా తక్కువే. ఇల్లాళ్లు ఖాళీగా ఉన్నప్పుడు చేసుకునే పని అని పేరు పెట్టడం వల్లే అలా జరిగిందని 1982లో వచ్చిన పుస్తకంలో ఆమె రాశారు.

2024లో నరసాపురం లేసుకు జీఐ ట్యాగ్ వచ్చింది. ఊరికి పేరు దక్కింది. అల్లిన చేతికి డబ్బు కూడా దక్కాలంటే పట్టిన గంటలు రాసుకోవాలి, అతుకుపనీ ధర కట్టడమూ నేర్వాలి. కుట్టుపనైనా, పచ్చళ్లైనా మన సంఘాలకూ ఇదే లెక్క.