చర్మ అలర్జీ పరీక్షలో అనఫిలాక్సిస్ ముప్పు

పుప్పొడి, ఇంటి దుమ్ము, రొయ్యలు, పెన్సిలిన్... వీటిలో ఏది పడటం లేదో తేల్చుకోవడానికి ఎక్కువగా చేసేది స్కిన్ ప్రిక్ టెస్ట్. ముంజేతిపై ఒక్కో పదార్థపు ద్రావణాన్ని చుక్కగా వేసి, చర్మం పైపొరను లాన్సెట్ అనే చిన్న సూదితో గుచ్చుతారు. 15 నుంచి 20 నిమిషాల్లో దోమకాటులాంటి దద్దురు లేచిందా అని చూస్తారు.

ఇలాంటి పరీక్ష కొత్తది కాదు. మాంచెస్టర్ వైద్యుడు చార్లెస్ బ్లాక్లీ తన చర్మాన్నే గీరి, పుప్పొడి రుద్ది చూసుకున్నాడు. ఆ పరిశోధనను 1873లో ప్రచురించాడు. ఇక ముప్పు సంగతి 1902లో ఫ్రాన్స్‌లో బయటపడింది. ఒకసారి విషాన్ని తట్టుకున్న కుక్కలు, కొన్ని వారాల తర్వాత అదే విషం కొద్దిగా ఎక్కించగానే చనిపోవడం శాస్త్రవేత్తలు పోర్టియర్, రిషే గమనించారు. ఈ తీవ్రమైన రియాక్షన్‌కే అనఫిలాక్సిస్ అని పేరు పెట్టారు. రిషేకు 1913లో నోబెల్ దక్కింది.

ప్రిక్ టెస్టులో ఒంట్లోకి వెళ్లేది అత్యల్పం కాబట్టి ప్రమాదం చాలా అరుదు. మందును చర్మం పొరల్లోకి ఎక్కించే ఇంట్రాడెర్మల్ పరీక్షలో ముప్పు ఎక్కువ. అందుకే అక్కడ ద్రావణాన్ని వంద నుంచి వెయ్యి రెట్లు పలుచన చేస్తారు, ముందుగా ప్రిక్ టెస్ట్ చేస్తారు. ఈ క్రమం తప్పితే ఏమవుతుందో 1987లో వెలువడిన అమెరికా పరిశీలన చూపింది. 1945 నుంచి చర్మ పరీక్షల వల్ల జరిగినట్టు అందులో నమోదైన ఆరు మరణాల్లో ఐదు, ప్రిక్ టెస్ట్ లేకుండా నేరుగా ఇంట్రాడెర్మల్ చేసినప్పుడు జరిగినవే.

మన ఆస్పత్రుల్లో యాంటీబయాటిక్ ఇంజెక్షన్‌కు ముందు ఇచ్చే 'టెస్ట్ డోస్' చాలాసార్లు ఇంట్రాడెర్మల్ పరీక్షే. దాన్ని లాంఛనంగా చూడటం తప్పు.

అదుపులో లేని ఆస్తమా ఉన్నవారికి, గతంలో తీవ్రమైన రియాక్షన్ వచ్చినవారికి ముప్పు ఎక్కువ. బీపీకి, గుండెకు వాడే బీటా బ్లాకర్ మాత్రలు, ఈ రియాక్షన్‌కు ఇచ్చే అడ్రినలిన్ మందును సరిగా పనిచేయనివ్వవు. ఒళ్లంతా దురద, గొంతు బిగుసుకోవడం, ఆయాసం, వాంతులు, కళ్లు తిరగడం ప్రమాద సూచనలు. వెంటనే తొడ బయటి వైపు కండరంలోకి కిలో బరువుకు 0.01 మిల్లీగ్రాము చొప్పున, పెద్దలకు 0.5 మిల్లీగ్రాము మించకుండా అడ్రినలిన్ ఇవ్వాలి. అలర్జీ మాత్ర దానికి బదులు కాదు.

అడ్రినలిన్ సిద్ధంగా లేని చోట ఈ పరీక్ష చేయించుకోవద్దు. వాడుతున్న మాత్రలన్నీ ముందే డాక్టరుకు చెప్పండి, బీపీ మాత్రలను సొంతంగా ఆపకండి. పరీక్ష అయ్యాక కనీసం అరగంట అక్కడే ఉండండి.