పుదుచ్చేరిలో దక్కని సూర్యోదయము

భూమిపై ప్రాణమునకు సూర్యుడే ఆధారమని సంధ్య వార్చువానికిని, వడ్లు ఎండబోయు ఇల్లాలికిని తెలియును. ఆ అగ్నిగోళము మిక్కిలి చేరువైనచో నీరు ఆవిరియగును, దూరమైనచో గడ్డకట్టును. కాని ఆ దూరమెంతయో పదునెనిమిదవ శతాబ్ది నడుమవరకు సరిగా తేలలేదు. అది తేలనిదే సూర్యుడు వెదజల్లు శక్తియు లెక్కకందదు. శుక్రుడు సూర్యబింబమునకు అడ్డుగా నడచు కాలమును వేర్వేరు దేశములనుండి కొలిచినచో ఆ చిక్కు విడునని ఇంగ్లండునకు చెందిన హాలీ సూచించెను.

ఆ పనికే ఫ్రెంచి ఖగోళజ్ఞుడు లె జాంతీ 1760లో పుదుచ్చేరికై ఓడయెక్కెను. అతడు చేరకమునుపే ఊరు ఆంగ్లేయుల వశమయ్యెను. 1761 జూన్ 6న ఆకాశము నిర్మలమేగాని, ఊగులాడు ఓడపై కొలత కుదరలేదు. మరల అట్టి గమనము 1769లో. అదియు తప్పినచో 1874 వరకు లేదు. అతడు ఇంటికి మరలలేదు. 1768లో పుదుచ్చేరికి వచ్చి, కోట శిథిలములపై వేధశాల నిలిపెను. ఆ ఎదురుచూపులో తమిళుల పంచాంగగణితము నేర్చెను. గవ్వలు పేర్చి, కలము పట్టకయే గ్రహణమును గణించు చాతుర్యమునకు అబ్బురపడెను. యూరపు పండితునకు అది చిన్న పాఠము కాదు.

1769 జూన్ 4 వేకువను మబ్బు కమ్మెను. శుక్రుడు బింబమును దాటిన పిమ్మట ఎండ కాసెను.

1771లో స్వదేశము చేరునప్పటికి, అతడు మరణించెనని తలచి అకాడమీ అతని స్థానమును వేరొకరికిచ్చెను; బంధువులు ఆస్తి పంచుకొనసాగిరి. అదే యేట లాలాండ్, ఇతరచోట్ల కుదిరిన పరిశీలనలనుబట్టి, సూర్యదూరమును దాదాపు 15 కోట్ల 30 లక్షల కిలోమీటర్లుగా గణించెను. నేటి లెక్క 14 కోట్ల 96 లక్షలు. అంత దూరమునుండి ఎండ పుదుచ్చేరి తీరమునకు దిగుటకు ఎనిమిది నిమిషములకు పైగా పట్టును.