గ్రాఫిక్స్ కార్డు పోయిందా? ముందు ఎస్‌ఎంపీఎస్ సంగతి చూడండి

మా ఖాలా కొడుకు పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాడు. ఓ రాత్రి వలీమా వీడియో రెండర్ పెట్టి పడుకున్నాడు. తెల్లారి చూస్తే సిస్టమ్ దానంతటదే రీస్టార్ట్ అయి ఉంది. మళ్లీ పెడితే పది నిమిషాలకే మళ్లీ అదే కథ. షాపుకు తీసుకెళ్తే ‘కార్డు పోయింది భాయ్, కొత్తది వేయాల్సిందే’ అన్నారు. అప్పు చేసి మరీ వేయించాడు. రెండో రోజే మళ్లీ రీస్టార్ట్! చివరికి తేలిందేమిటంటే, పాత కార్డుకు ఏ రోగమూ లేదు. క్యాబినెట్‌తో పాటు వచ్చిన చవక ఎస్‌ఎంపీఎస్ లోడు మోయలేకపోతోంది.

కంప్యూటర్‌లో అన్నిటికంటే ఖరీదైన భాగం చాలాసార్లు గ్రాఫిక్స్ కార్డే. దాన్ని పారేసే ముందు లక్షణాలు జాగ్రత్తగా చూడాలి.

కార్డులోనే లోపం ఉంటే తెరమీద గీతలు, చుక్కలు, రంగురంగుల గళ్లు కనిపిస్తాయి. అవి ఎప్పుడు వస్తున్నాయన్నది ముఖ్యం. ఆన్ చేయగానే వచ్చే బయాస్ స్క్రీన్‌లోనే గీతలుంటే డ్రైవర్ తప్పు కాదు, అప్పటికింకా విండోస్ డ్రైవర్ లోడే కాలేదు. మానిటర్, కేబుల్ మార్చి చూడండి. అయినా పోకపోతే కార్డు మెమరీ చిప్‌లను అనుమానించాలి. విండోస్ తెరుచుకున్నాకే తేడా వస్తుంటే ముందు పాత డ్రైవర్‌ను పూర్తిగా తీసేసి కొత్తది వేయండి. డివైస్ మేనేజర్‌లో కోడ్ 43 కనిపించినా అంతే. అది డ్రైవర్ వల్లా రావచ్చు, కార్డు వల్లా రావచ్చు.

పవర్ సమస్య తీరు వేరు. మామూలు పనికి బాగానే ఉంటుంది. గేమ్ గానీ రెండర్ గానీ మొదలవగానే బ్లూ స్క్రీన్ కూడా లేకుండా సిస్టమ్ టక్కున ఆగిపోతుంది. ఈవెంట్ వ్యూయర్‌లో ‘కెర్నల్-పవర్ 41’ అని చూపించి ఎస్‌ఎంపీఎస్ పోయిందనేవాళ్లున్నారు. అదీ పూర్తి సాక్ష్యం కాదు. సిస్టమ్ సరిగ్గా షట్‌డౌన్ కాలేదని మాత్రమే దాని అర్థం. ఇంట్లో కరెంటు పోయినా అదే రాస్తుంది.

డబ్బు పెట్టకుండా తేల్చుకునే దారులున్నాయి. మొదట యూపీఎస్‌ను పక్కనపెట్టి నేరుగా గోడ సాకెట్‌లో పెట్టి చూడండి. ఇళ్లలో వాడే 600 వీఏ యూపీఎస్‌లు సుమారు 360 వాట్లే ఇస్తాయి, దోషం అక్కడే ఉండొచ్చు. తర్వాత ప్లగ్ తీసి, కార్డును స్లాట్‌లోంచి తీసి మళ్లీ గట్టిగా కూర్చోబెట్టండి. ఫ్యాన్లలో దుమ్ము దులపండి. కార్డుకు రెండు పవర్ కనెక్టర్లుంటే ఒకే వైరు రెండు కొసలు కాకుండా, రెండు వేర్వేరు కేబుళ్లు వాడండి. ఆ తర్వాత ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో కార్డు పవర్ లిమిట్‌ను 70 శాతానికి తగ్గించండి. రీస్టార్ట్‌లు ఆగిపోతే అనుమానం ఎస్‌ఎంపీఎస్ వైపు మళ్లుతుంది.

అన్నిటికంటే నమ్మకమైన పరీక్ష, మంచి ఎస్‌ఎంపీఎస్ ఉన్న తెలిసినవాళ్ల సిస్టమ్‌లో మీ కార్డు పెట్టి గంటసేపు లోడు మీద నడపడం. ఖాలా కొడుకు ఈ పని మొదటే చేసుంటే అప్పు మిగిలేది. మల్టీమీటర్‌లో 12 వోల్టుల లైను 11.4 నుంచి 12.6 మధ్య ఉండాలి. కానీ లోడు లేనప్పుడు రీడింగ్ బాగుందని నిశ్చింతగా ఉండకండి, క్షణకాలం పడిపోయే వోల్టేజీ మీటర్‌కు చిక్కదు.

ఇక కొనడం. డబ్బామీద పెద్దక్షరాల్లో ఉన్న వాట్లను వదిలేసి, పక్కన అతికించిన లేబుల్‌పై 12 వోల్టుల గడి చూడండి. అక్కడున్న యాంపియర్లను 12తో గుణిస్తే అసలు సత్తా తెలుస్తుంది. పైన 450 అని ఉండి గడిలో 18 యాంపియర్లే ఉంటే, వచ్చేది 216 వాట్లు. ఆర్‌టీఎక్స్ 3060 కార్డు ఒక్కటే 170 వాట్లు తీసుకుంటుంది. ప్రాసెసర్‌కు మిగిలేదెంత? ఎన్విడియా ఆ కార్డుకు 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ సూచిస్తుంది. కార్డు ఒక్కోసారి క్షణంపాటు తన లెక్కకు మించి లాగుతుంది కాబట్టి ఆ మార్జిన్ ఉండాల్సిందే.

80 ప్లస్ ముద్ర మంచిదే, కానీ అది కరెంటు ఎంత వృథా కాకుండా వాడుతుందో చెబుతుందే తప్ప భద్రతకు హామీ కాదు. ఇంటికి బ్రాంజ్ చాలు. ముద్రను ఊరికే నమ్మకుండా 80 ప్లస్ వెబ్‌సైట్‌లో మోడల్ నంబర్ వెతకండి. బ్రాండ్ పేరు చూసి కొనేయడం కూడా సరికాదు, ఒకే కంపెనీలో మంచి మోడళ్లూ నాసిరకంవీ ఉంటాయి. ఐదేళ్ల వారంటీ, షార్ట్ సర్క్యూట్, ఓవర్‌లోడ్, ఓవర్‌వోల్టేజీ రక్షణలు ఉన్నాయా అని అడగండి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా బిల్లుమీద మోడల్, సీరియల్ నంబర్ రాయించుకోండి. సెకండ్ హ్యాండ్ కార్డు పరీక్షించి కొనొచ్చు. ఎస్‌ఎంపీఎస్ మాత్రం సెకండ్ హ్యాండ్ వద్దు.

పాత ఎస్‌ఎంపీఎస్‌ను ఇంట్లో విప్పొద్దు. ప్లగ్ తీసినా లోపలి కెపాసిటర్లలో ప్రాణాంతకమైన చార్జ్ ఉండొచ్చు. దాని మాడ్యులర్ కేబుళ్లను కొత్తదానికి తగిలించడమూ వద్దు. కొస సరిపోయినా లోపల పిన్నుల వరుస వేరుగా ఉంటే హార్డ్ డిస్క్ కాలిపోతుంది, అందులోని పెళ్లి వీడియోలన్నీ పోతాయి.