యంత్రముల దుబాసీ

కర్మాగారములో బాయిలరు ఒకచోట, దానిని కనిపెట్టి చూచు ఉద్యోగి మరియొకచోట ఉందురు. లోపలి ఉష్ణోగ్రత అతనికి తెలియుట ఎట్లు? ఇరువదవ శతాబ్దపు మధ్యకాలమున ఇంజనీర్లు ఒక ఉపాయము పన్నిరి. కొలత కనిష్ఠముగా నున్నప్పుడు తీగెలో 4 మిల్లీఆంపియర్లు, గరిష్ఠముగా నున్నప్పుడు 20 మిల్లీఆంపియర్లు ప్రవహించును. సున్నకు బదులు 4తో ఆరంభించుటలో యుక్తి కలదు. ప్రవాహము సున్న అయినచో కొలత తగ్గినదని గాక, తీగె తెగినదని వెంటనే గ్రహింపవచ్చును. నేటికిని ఈ పద్ధతి వాడుకలో నున్నది. కాని ఒక్కొక్క కొలతకు ఒక్కొక్క జత తీగెలు కావలెను. వేయి కొలతలకు వేయి జతలు!

1969లో అమెరికాలో డిక్ మార్లీ బృందము నిర్మించిన మోడికాన్ 084 అను ప్రోగ్రామబుల్ కంట్రోలరు జనరల్ మోటార్స్ కంపెనీకి చేరెను. తీగెలను మార్చకయే యంత్రముల నడకను మార్చుట దానివలన సాధ్యమయ్యెను. ఇట్టి కంట్రోలర్లు పెరిగిన కొలది అవి పరస్పరము మాటలాడవలసి వచ్చెను. అందులకై 1979లో మోడికాన్ సంస్థ ‘మోడ్‌బస్’ అను భాషను ప్రకటించెను.

‘బస్’ అను మాటకు మూలము లాటినులోని ‘ఆమ్నిబస్’, అనగా ‘అందరి కొరకు’. మనము ఎక్కు బస్సునకును ఇదియే మూలము. ఒకే జత తీగెలపై అనేక పరికరములు కూర్చుండును. ప్రతిదానికిని 1 నుండి 247 లోపల ఒక సంఖ్య ఉండును. ఉపాధ్యాయుడు హాజరు పిలిచినట్లు, ప్రధాన పరికరము సంఖ్యను పిలిచి ప్రశ్నించును; ఆ సంఖ్య గలదియే పలుకును; తక్కినవి మౌనముగా నుండును.

1986లో జర్మనీలోని బాష్ సంస్థ మోటారుకార్ల కొరకు ‘కాన్’ అను మరియొక బస్‌ను వెల్లడించెను. దీనిలో హాజరు లేదు. ప్రతి పరికరమును తన వార్తను అందరికిని చాటును. రెండు ఒకేసారి మొదలిడినచో చిన్న సంఖ్య గల వార్త సాగును. రెండవది ఆగి, తరువాత మరల యత్నించును. 1987లో జర్మనీలోనే ‘ప్రొఫీబస్’ పని ఆరంభమయ్యెను. ఇట్టి బస్‌లకు ఒకే ప్రమాణమును ఏర్పరచుటకు 1985లోనే మొదలైన అంతర్జాతీయ ప్రయత్నము సుదీర్ఘమైన వివాదముల పాలై, 1999లో ఎనిమిది రకములను ఆమోదించుటతో ముగిసెను. ఒక్కటి కోరి కూర్చున్నవారు ఎనిమిదింటికి పీట వేసిరి!

ఇంతలో కార్యాలయములలోని కంప్యూటర్లు ‘ఈథర్‌నెట్’ అను వేరొక మార్గమున మాటలాడసాగెను. ఆ కంప్యూటర్లకును, కర్మాగారపు బస్‌లకును నడుమ నిలిచిన పరికరమే గేట్‌వే. కుంపిణీవారి కాలమున చెన్నపట్నములో దొరలకును, వర్తకులకును నడుమ దుబాసీ చేసిన పనినే ఇది చేయును. కంప్యూటరు పంపిన ప్రశ్నకు పైనున్న ఈథర్‌నెట్ తొడుగును విప్పి, తప్పులు పట్టు సంఖ్యను చేర్చి, మోడ్‌బస్ తీగెపైకి పంపును. జవాబు రాగానే తిరిగి తొడుగు వేసి కంప్యూటరునకు అందించును. తీగెపై ఒకసారి ఒక్కరే మాటలాడవలెను గాన, పది కంప్యూటర్లు అడిగినను ప్రశ్నలను వరుసలో నిలుపును.

కాన్ బస్‌తో పని వేరు. అక్కడ ప్రశ్నలకై వేచియుండక వచ్చు వార్తలను గేట్‌వే తన పట్టికలో వ్రాసికొని, అడిగినప్పుడు చూపును. ప్రమాదమిచటనే ఉన్నది. పరికరము చెడిపోయినను పట్టికలో పాత అంకె నిలిచియుండును. ఆ అంకె వయస్సును గూడ తెలుపని గేట్‌వే, తెగిన తీగెను దాచిపెట్టినట్లే. 4 మిల్లీఆంపియర్ల యుక్తిలోని జాగ్రత్త ఇక్కడను అవసరము.

దుబాసీ మూగవోయినచో ఏమగును? 2015 డిసెంబరు 23న ఉక్రెయిన్‌లో మూడు విద్యుత్ పంపిణీ సంస్థల కంప్యూటర్లలోనికి దుండగులు చొరబడి, దూరమునుండియే బ్రేకర్లను తెరచిరి. సుమారు 2,25,000 మంది వినియోగదారులకు విద్యుత్తు ఆగిపోయెను. అంతటితో ఆగక, సబ్‌స్టేషన్లలోని గేట్‌వేల అంతర్గత ప్రోగ్రామును గూడ చెరచిరి. బ్రేకర్లు చెడలేదు, కంట్రోలు గదిలో ఉద్యోగులును ఉన్నారు. కాని వారి ఆజ్ఞ బ్రేకరునకు చేరు దారి లేదు. ఉద్యోగులు సబ్‌స్టేషన్లకు స్వయముగా వెళ్ళి బ్రేకర్లను చేతితో మూసిన పిమ్మట, కొన్ని గంటలలో, దీపములు వెలిగెను.